ఒకే తీగ మీద ఊరు: ఐటీ మంత్రి గారికి దమ్మపేట నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర ఐటీ, పరిశ్రమల శాఖల మంత్రి శ్రీ దుద్దిళ్ల శ్రీధర్‌బాబు గారికి,

దమ్మపేట సెంటర్‌లో నాకో చిన్న షాపు ఉంది. బోర్డు మీద జిరాక్స్ అని ఉంటుంది గానీ పనంతా నెట్ మీదే. హాల్ టికెట్లు, కరెంటు బిల్లులు, పాసుపుస్తకం కాపీలు, ఉద్యోగ దరఖాస్తులు. పామాయిల్ రైతులు గెలల డబ్బు ఖాతాలో పడిందో లేదో చూడమని ఫోన్ నా చేతికిచ్చి స్టూలు మీద కూర్చుంటారు. మీది మంథని. గోదావరి పక్కన, అడవి అంచున ఉండే ఊళ్లలో ఒక సన్నని నల్ల తీగ ఎన్ని పనులు మోస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తీగ గురించే ఈ ఉత్తరం.

మొన్న జూలైలో ఒక సాయంత్రం, బయట జల్లు పడుతోంది. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టించుకోవడానికి గూడెం నుంచి ఒక కోయ రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయి కాలేజీల కోడ్లన్నీ నోటుబుక్కులో వరసగా రాసి తెచ్చుకుంది. పుస్తకం తడవకుండా ఎరువు సంచి లోపలి కవర్లో చుట్టింది. పదకొండో కోడు కొడుతుంటే పేజీ ఆగిపోయింది. గుండ్రంగా తిరగడం తప్ప ముందుకు కదల్లేదు.

మా దగ్గర నెట్ పోతే ముందు చూసేది ఎర్ర లైటు. రూటర్ మీద ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్రగా మెరిసిందంటే దారిలో ఎక్కడో తీగ తెగినట్టే. కోతి ఊగి ఉంటుంది, కొమ్మ పడి ఉంటుంది, లేదా గెలల లోడు ట్రాక్టరు తగిలి ఉంటుంది. ఆ రోజు ఎర్ర లైటు లేదు. పచ్చవన్నీ నిక్షేపంగా వెలుగుతున్నాయి. ఒకటైతే మామూలు కన్నా ఆదరాబాదరాగా కొట్టుకుంటోంది, లోపల ఎవరో పరిగెత్తుతున్నట్టు. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే రోజూ చెప్పే మాటే చెప్పాడు. "అన్నా, పైనుంచే ప్రాబ్లం." అప్పటికప్పుడు నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, సిగ్నల్ కోసం ఫోన్‌ని షట్టర్ పక్కన కిటికీలో నిలబెట్టి, ఆ అమ్మాయి ఆప్షన్లు ఎక్కించి ఫ్రీజ్ చేసేసరికి రాత్రి తొమ్మిది దాటింది. వాళ్ల ఊరికి ఆటో పోయింది. నేనే బండి మీద దింపి వచ్చాను.

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఏడున్నరకి పోవడం, పదికి రావడం. ఊళ్లో అదే ఆపరేటర్ లైను వాడే ప్రతి ఇంట్లోనూ ఇదే గోల. తీగ తెగితే ఇలా వేళ పెట్టుకుని తెగదు కదా.

మూడో రాత్రి అన్నం దగ్గర మా చిన్నోడు అసలు సంగతి చెప్పాడు. వాడు ఇంటర్ ఫస్టియర్. షాపులో మూలన పడేసిన పాత కంప్యూటర్ మీద మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడుపుతున్నాడట. ఇటుక మీద ఇటుక పేర్చి ఊళ్లు కట్టుకునే ఆట అది. ఇక్కడి స్నేహితులు, సత్తుపల్లి, కొత్తగూడెం పిల్లలు, డల్లాస్‌లో ఉన్న ఒక పిల్లాడి చిన్నాన్న కొడుకు, అందరూ కలిసి అందులో మన అప్పారావుపేట పామాయిల్ ఫ్యాక్టరీ కడుతున్నారు. ఎవరో తెలియని కుర్రాడొకడు వచ్చి పెట్టెలోని వజ్రాలన్నీ ఊడ్చుకుపోతే వీడు బయటికి గెంటేశాడు. అవతలివాడు ఒక మెసేజ్ పెట్టాడు. "నీ ఐపీ నా దగ్గరుంది. ఇక ఆడు చూద్దాం. హైదరాబాద్‌లో మీ ఇల్లెక్కడో కూడా తెలుసు." చివరి వాక్యం చదివి నాకు నవ్వొచ్చింది. మావాడికి రాలేదు. మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదని వాళ్లమ్మ అప్పుడు చెప్పింది.

ఆ ఐపీ, అంటే మన నెట్ లైను చిరునామా నెంబరు, అవతలివాడి చేతికి ఎలా చిక్కిందంటే అందులో సగం తప్పు నాది. ఇంట్లోంచి షాపు కెమెరాలు చూసుకోవడానికి నెలకి కొంత అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పటికీ మారని నెంబరు, తీసుకున్నాను. కెమెరాలు బిగించిన మెకానిక్ వాటి డబ్బా కోసం రూటర్‌లో ఒక తలుపు, అంటే పోర్టు, తెరిచాడు. అది చూసి మావాడు 25565 నెంబరుతో ఆటకి ఇంకో తలుపు తెరిచాడు. ఆడటానికి రావాలంటే ఆ ఐపీ నెంబరు కొట్టాలి కాబట్టి అది స్నేహితుల గుంపులో పెట్టాడు, స్నేహితులు వాళ్ల స్నేహితులకిచ్చారు.

ఐపీ నెంబరు చేతికి చిక్కితే ఏం చేయొచ్చు, ఏం చేయలేరు అన్నది మా ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకూ ఆ వారమే తెలిసింది. దాన్నిబట్టి ఏ కంపెనీ లైనో తెలుస్తుంది, ఉజ్జాయింపుగా ఏ పట్నమో తెలుస్తుంది, ఆ పట్నం కూడా చాలాసార్లు తప్పే. మా నెంబరు వెతికితే హైదరాబాద్ చూపిస్తుంది. ఇంటి గుమ్మం దాకా ఎవడూ రాలేడు. కానీ ఆ నెంబరుకి చెత్త పంపగలడు. ఇలా ఊహించుకోండి. ఆశ్రమ పాఠశాలలో రెండొందల మంది పిల్లలకి చిరునామా ఒకటే. ఒక పిల్లాడి మీద కోపంతో ఎవడో రోజుకి లక్ష ఖాళీ కవర్లు పోస్ట్ చేస్తే, పోస్ట్‌మాన్ సైకిలు గేటు దగ్గరే ఇరుక్కుంటుంది. ఆ పిల్లాడికే కాదు, ఎవరికీ ఉత్తరం అందదు. మా ఆపరేటర్‌కి పైనుంచి వచ్చే లైను ఒక్కటి. మావాడి మీద కురిసిన చెత్త ఆ ఒక్క లైనునీ నింపేసింది. పచ్చ లైటు అంత కంగారుగా కొట్టుకున్నది అందుకే. ఆ కోయ పిల్ల ఆప్షన్లు ఆగింది నాలుగు వజ్రాల తగాదా వల్ల.

ఇది మారుమూల ఊరి భాగోతం అనుకునేరు. 2022 జనవరిలో ఒక దేశానికి దేశమే ఇలా ఆగింది. ఫ్రాన్స్, స్పెయిన్ల మధ్య కొండల్లో ఉన్న అండోరాలో అప్పటి జనాభా ఎనభై వేలకు లోపు. ఇంటర్‌నెట్ ఇచ్చేది ఒక్క అండోరా టెలికాం. అక్కడ ఉంటున్న కొందరు స్పానిష్ స్ట్రీమర్లు లక్ష డాలర్ల బహుమతి ఉన్న పోటీలో ఆడుతున్నారు. స్క్విడ్ గేమ్ తరహాలో మైన్‌క్రాఫ్ట్‌లోనే జరిగిన పోటీ అది. పోటీ జరిగే వేళల్లోనే ఆ కంపెనీ మీద దాడి జరిగింది. అండోరా ఆటగాళ్లు ఒక్కొక్కరే పోటీ నుంచి జారిపోయారు. వాళ్లతో పాటు ఆటంటే ఏమిటో తెలియని ముసలమ్మల నెట్ కూడా పోయింది. ఒకే దారి ఉన్న చోట ఆ దారిలో ఎవరి మీద రాయి పడినా అందరూ ఆగాల్సిందే. దమ్మపేటకీ అండోరాకీ ఇందులో తేడా ఏమీ లేదు, వాళ్ల వార్త పేపర్లో పడింది, అంతే.

ఇలాంటి దాడికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. 'స్ట్రెసర్', 'బూటర్' అనే పేర్లతో దాడులు అద్దెకిస్తారు. 2018 ఏప్రిల్‌లో యూరప్ పోలీసులు వెబ్‌స్ట్రెసర్ అనే అంగడిని మూయించినప్పుడు అందులో లక్షా ముప్పై ఆరు వేల మంది ఖాతాదారులున్నట్టు తేలింది. అద్దె నెలకి 15 యూరోల నుంచి మొదలు. ఒక పిల్లాడి పాకెట్ మనీ.

ఆ చెత్త పంపే యంత్రాలు ఎవరివనుకున్నారు? మనవే. ఈ సంగతి చదివిన రాత్రి నేను షాపుకి వెళ్లి కెమెరాల డబ్బా లాగిన్ పేజీ తెరిచి చూశాను. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. ఫ్యాక్టరీలో పెట్టినదే, మూడేళ్లుగా ఎవరూ మార్చలేదు. 2016లో అమెరికాలో ముగ్గురు కుర్రాళ్లు మిరాయ్ అనే పురుగుని తయారు చేశారు. అరవైకి పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని అది కెమెరా డబ్బాల్లోకి, రూటర్లలోకి దూరేది. ఒక దశలో ఆరు లక్షల దాకా యంత్రాలు దాని చేతిలో ఉన్నాయి. అది మొదట ఎవరి మీద పడిందనుకున్నారు? మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల మీదే ఎక్కువ. తర్వాత ఆ కోడు బయటికొచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 21న దాన్ని పట్టుకుని వేరేవాళ్లు ప్లేస్టేషన్ ఆటల నెట్‌వర్క్‌ని పడగొట్టబోతే, మధ్యలో డైన్ అనే కంపెనీ కూలి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి ఆగిపోయాయి. మా షాపు గోడకి వేలాడే ఆ నల్ల డబ్బా వేరే దేశంలో ఎవరి ఆటని పాడు చేయడానికి సాయపడిందో నాకు తెలియదు. ఆ రాత్రే పాస్‌వర్డ్ మార్చాను, రెండు తలుపులూ మూశాను.

పిల్లలందరికీ ఈ ముప్పు ఒకేలా ఉండదు, అది కూడా చెప్పాలి. మా ఊరి అరుగుల మీద ఎక్కువ ఆడే ఫ్రీ ఫైర్, బీజీఎంఐ కంపెనీ సర్వర్ల మీదే నడుస్తాయి. ఎదుటి ఆటగాడికి మన నెంబరు కనపడదు. సిమ్ నెట్ మీద ఆడితే కంపెనీ నెంబరు వెనక వేల మంది ఉంటారు. చిక్కల్లా ఆటగాడి నుంచి ఆటగాడికి నేరుగా తీగ కలిపే ఆటలతో, ఇంట్లో సొంతంగా నడిపే సర్వర్లతో. 2025 జూలైలో కాల్ ఆఫ్ డ్యూటీ అనే ఆటల వరసలో ఒక పాత ఆట ఆడుతున్నవాళ్ల కంప్యూటర్లలో నోట్‌ప్యాడ్లు వాటంతట అవే తెరుచుకుంటున్నాయని గగ్గోలు పుట్టింది. ఆ ఆటని కంపెనీ అప్పటికప్పుడు ఆపేసింది. అది కూడా నేరుగా కలిపే రకమే. అలా కాకుండా మధ్యలో కంపెనీ సర్వర్ పెట్టి నెంబర్లు దాచడం చేతకాని పనేం కాదు. గేమర్ల ఐపీలు బయటపడుతున్నాయనే స్కైప్ 2016లో వాటిని దాచడం మొదలుపెట్టింది. వాట్సాప్ 2023 నవంబరు నుంచి కాల్స్‌లో ఐపీ దాచే ఏర్పాటు ఇచ్చింది, ప్రైవసీ సెట్టింగుల్లో అడుగున ఉంటుంది. చేయగలిగినవాళ్లు కూడా అందరూ చేయడం లేదు, ఎందుకంటే మధ్యలో సర్వర్ పెడితే ఖర్చు.

దీనికి విరుగుడని పిల్లలు చేసే పని ఇంకా భయం పుట్టిస్తుంది. ఫ్రీ వీపీఎన్ వేసుకుంటారు. ఐపీ దాగుతుంది, పింగ్, అంటే ఆటలో ఆలస్యం, తగ్గుతుంది అని ఎవడో వీడియోలో చెబుతాడు. 2015లో హోలా అనే ఉచిత వీపీఎన్ సంగతి బయటపడింది. వాడుకునేవాళ్ల ఇంటి లైన్లనే అది బయటివాళ్లకి అద్దెకిస్తోంది. దొంగ భయానికి ఇంటి తాళం దారినపోయేవాడి చేతిలో పెట్టినట్టు.

ఇక హైదరాబాద్‌లో మా ఇల్లు తెలుసన్న మాట. నేను నవ్వాను గానీ, తప్పు చిరునామా నవ్వే విషయం కాదని తర్వాత తెలిసింది. అమెరికాలో ఐపీల ఊళ్లు చెప్పే మాక్స్‌మైండ్ అనే కంపెనీ, ఎక్కడిదో తెలియని అమెరికా నెంబర్లన్నిటినీ దేశం నడిమధ్యన ఒక చుక్క మీద పెట్టేసింది. ఆ చుక్క కాన్సాస్ రాష్ట్రంలో ఒక రైతు పొలం మీద పడింది. అరవై కోట్ల ఐపీలకి అదే అడ్రసు. ఏళ్ల తరబడి పోలీసులు, పన్ను అధికారులు ఆ ఇంటి తలుపు కొట్టారు. 2016లో సంగతి పేపర్లకెక్కాక కంపెనీ ఆ చుక్కని ఒక చెరువు మధ్యలోకి జరిపింది. అదే కాన్సాస్‌లో, 2017 డిసెంబరు 28న, కాల్ ఆఫ్ డ్యూటీలో గొడవపడ్డ ఇద్దరిలో ఒకడు తాను ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటి అడ్రసు ఇచ్చి రమ్మని సవాలు చేశాడు. రెండోవాడు పురమాయించిన మనిషి ఆ అడ్రసు మీద పోలీసులకి దొంగ ఫోన్ చేశాడు. తలుపు తెరిచిన మనిషిని పోలీసులు కాల్చేశారు. అతనికి ఆ ఆటతో సంబంధమే లేదు.

మన దగ్గర అంత జరగకపోవచ్చు. కానీ ఒక నెంబరు వెనక రెండొందల ఇళ్లు పెట్టే ఆపరేటర్లు మన పల్లెల్లో ఉన్నారు. ఆ నెంబరు నుంచి ఎవరో తప్పు చేస్తే, ఏ సెకనులో ఏ పోర్టు ఏ ఇంటికి ఇచ్చాడో లెక్క రాసుకోని ఆపరేటర్ పోలీసులకి ఏ ఇల్లు చూపిస్తాడు? కంప్యూటర్ ఉన్న ఇల్లు చూపిస్తాడు. లేదంటే నోరు లేనివాడి ఇల్లు చూపిస్తాడు. మంత్రి గారూ, ఏజెన్సీలో ఆ రెండో మాట ఎటు పోతుందో మీకు తెలుసు.

నేనెక్కడా ఫిర్యాదు చేయలేదు. డబ్బు పోతే వెంటనే 1930 కొట్టాలని మా షాపు గోడ మీద నేనే అంటించాను. డబ్బు పోలేదు. పోయింది మా సాయంత్రాలు. ఐటీ చట్టం 43వ సెక్షన్‌లో నెట్‌వర్క్‌ని అడ్డగించడం, వాడుకోనివ్వకపోవడం తప్పని ఉంది. 66వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల దాకా జైలు, లేదా అయిదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం ఉంది. అయితే అవతలివాడు మావాడి ఈడు పిల్లాడే అయ్యుంటాడు. వాణ్ని జైల్లో వేయించాలని నాకు లేదు. ఆ చెత్త మా ఊరి దాకా రాకుండా పైనే ఆపి ఉండాల్సిందని ఉంది.

ఆన్‌లైన్ ఆటల గురించి ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కూడా అనను. 2017లోనే మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది, మా సెంటర్‌లోనే ఇద్దరి పొలాలు ఆ రమ్మీకి పోవడం నేను చూశాను. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆటల మీద దేశమంతటికీ చట్టం తెచ్చింది. 2023 నాటి డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. మంచివే. కానీ వీటి చూపు డబ్బు మీద, కంపెనీలు దాచుకునే సమాచారం మీద ఉంది. ఆటలోంచి ఆటగాడికి కారిపోయే నెంబరు వీటి దారిలోకి వచ్చినట్టు నాకైతే కనపడలేదు.

అందుకే మీకు రాస్తున్నాను, ఢిల్లీకి కాదు. 2024 డిసెంబరులో మీ పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్‌తో పాటు మరికొన్ని ఊళ్లలో సర్కారు నెట్ లైను టీ-ఫైబర్‌ని ఇంటింటికీ ఇవ్వడం ప్రయోగంగా మొదలుపెట్టారు. రేపు మా మండలంలోని గూడేలకీ వస్తుంది. కొత్త ఇల్లు కట్టేటప్పుడే తలుపులకి గొళ్లేలు పెట్టించుకోవడం తేలిక. ప్రతి ఇంటికీ ఇచ్చే డబ్బాకి వేరే వేరే పాస్‌వర్డ్ పెట్టి, అది అడుగున స్టిక్కర్ మీద తెలుగులో రాసి ఇవ్వమనండి. ఇంట్లో ఏ యంత్రమైనా అడగ్గానే రూటర్ తనంతట తాను తలుపు తెరిచే ఏర్పాటుని మూసి ఇవ్వమనండి, కావాల్సినవాడు తెరుచుకుంటాడు. చెత్త వరద వస్తే జిల్లా దాకా రాకుండా హైదరాబాద్‌లోనే వడకట్టే ఏర్పాటు టీ-ఫైబర్‌కి ఉందో లేదో మీరు బయటికి చెప్పండి. లేకపోతే ఎప్పటికి పెడతారో చెప్పండి. దాడి జరిగినప్పుడు ఐపీ మార్చమంటే గంటలో మార్చాలి. నాకు నాలుగు రోజులు పట్టింది. "అది హైదరాబాద్ నుంచి మార్చాలన్నా" అన్నాడు మా కేబుల్ అబ్బాయి, ఆ నాలుగు రోజుల్లో నాకన్నా వాడే ఎక్కువ తిట్లు తిన్నాడు పాపం. పైవాళ్లు వాడికి దాడి అనే మాటే చెప్పలేదు. చిన్న ఆపరేటర్ల దగ్గర పనిచేసే ఇలాంటి కుర్రాళ్లకి సైబర్ సెక్యూరిటీ బ్యూరో వాళ్లతో రెండు రోజుల తరగతి పెట్టించండి. స్తంభాలెక్కేది వాళ్లే, జనం ముందు నిలబడేదీ వాళ్లే.

మావాణ్ని కొట్టారా అని అడిగారు కొందరు. కొట్టలేదు. ఊరికి నెట్ ఎందుకు పోయిందో మా ఊళ్లో మొదట కనిపెట్టింది వాడే. ఐపీ మారాక సర్వర్ మళ్లీ పెట్టుకుంటానని అడిగాడు. షాపు లైను మీద వద్దన్నాను. ఆ ప్రపంచం మొత్తాన్ని ఒక పెన్‌డ్రైవ్‌లోకి దించి నా గల్లాపెట్టె పక్క సొరుగులో పెట్టాడు. అప్పుడప్పుడూ సొరుగు లాగి ఉందో లేదో చూసుకుంటాడు. ఫ్యాక్టరీ షెడ్లు, కాటా, గెలలు దింపే చోటు అన్నీ అయ్యాయట. పొగగొట్టం సగంలో ఉంది.

ఇట్లు
దమ్మపేట సెంటర్‌లో జిరాక్స్ షాపు నడుపుకునే ఒక తండ్రి